పదకొండు సెంటీమీటర్ల చుట్ట

మా మేనల్లుడు పోయిన వేసవిలో దుబాయి నుంచి వస్తూ మూడు క్యూబా చుట్టలు తెచ్చాడు. "ముప్పై ఏళ్లు పొగాకు పట్టిన చెయ్యి కదా మావయ్యా, ఇవి ఎలా ఉన్నాయో మీరే చెప్పాలి" అన్నాడు. సిగార్ అనాలట. నేను చుట్టను చుట్ట అనే అంటాను, దాని ఖరీదు ఎంతైనా సరే.

మూడింటిలో మొదటిదాన్ని నేనే పాడుచేశాను. ఆ సంగతి ముందే చెప్పేస్తే మనసు తేలికపడుతుంది. విలువైన వస్తువు కదా అని బీరువాలో పట్టుచీరల పక్కన పెట్టి తాళం వేశాను. నెల తరువాత డాబా మీద కూర్చుని వెలిగిస్తే నోటి నిండా నాఫ్తలీన్ ఉండల వాసన. పైగా మే నెల ఎండలకు లోపలి ఆకు ఎండి పెళపెళలాడుతోంది. బట్టలు ఆరేయడానికి పైకి వచ్చిన మా ఆవిడ ఒక్క క్షణం ఆగి, "బీరువా ఏమైనా అంటుకుందా?" అని అడిగింది. గోదాములో బేళ్ల దగ్గర కిరసనాయిలు డబ్బా పెట్టినందుకు ఎంతమంది కూలీల మీద కేకలేశానో! పొగాకు పక్కనున్న ప్రతి వాసననూ పీల్చుకుంటుందని వాళ్లకు పాఠాలు చెప్పింది నేనే.

మిగతా రెండింటినీ పాత హార్లిక్స్ సీసాలో పెట్టాను. మేనల్లుడు ఫోనులో చెప్పగా విని, తేమను 65 శాతం దగ్గర నిలిపే చిన్న పొట్లం ఒకటి తెప్పించి అందులో వేశాను. సీసాను పడకగదిలో, ఏసీ చల్లదనం తగిలే అలమరలో ఉంచాను. వేడి ఎక్కువైతే పొగాకులో ఉన్న పురుగు గుడ్లు పిల్లలవుతాయి. మా గోదాముల్లో బేళ్లను తొలిచేసే ఎర్రటి చిన్న పురుగే, క్యూబా చుట్టలనూ వదలదు. నాకు చిరకాల శత్రువది. అక్టోబరుకల్లా ఆకు మెత్తబడింది కాని, కార్తీకం వెళ్లేదాకా ఇంట్లో పొగ వద్దంది మా ఆవిడ. ఆగాను. ఆకుకూ మంచిదే అయింది.

డిసెంబరులో ఒక సాయంత్రం రెండోదాన్ని తీశాను. దాని పేరు పార్టగాస్ షార్ట్స్. హవానాలో 1845 నుంచీ ఉన్న పేరు పార్టగాస్. పొడవు 110 మిల్లీమీటర్లు, లావు 42. ఆ లెక్క నాకూ కొత్తే. అంగుళాన్ని 64 భాగాలు చేస్తే అందులో 42 అన్నమాట, అంటే పదహారున్నర మిల్లీమీటర్ల పైచిలుకు. చుట్టేవాళ్లు ఈ కొలతను మినుటో అంటారు. నా చూపుడు వేలు కంటే కాస్త పొడుగు, అంతే. ఎరుపు, బంగారు రంగుల పట్టీ తీసేస్తే మా తాతయ్య చెవి మీద పెట్టుకునే సగం చుట్టలా ఉంది.

అసలు చిక్కు రంగు దగ్గర వచ్చింది. నేను ఉద్యోగం చేసిందంతా సిగరెట్టు పొగాకులో. బ్యారన్‌లో, అంటే ఆకు ఆరబెట్టే కొట్టంలో, వేడిగాలికి క్యూరింగ్ చేసిన పసుపు ఆకు అది. నిమ్మపండు రంగైతే బ్రైట్, కాస్త మాడితే మీడియం, నలుపు తిరిగితే లోగ్రేడ్. కన్ను పడగానే చెయ్యి దానంతటదే ఆకును ఆయా కుప్పలోకి విసిరేసేది. ఇప్పుడు నా అరచేతిలో ఉన్నది తాటిబెల్లం రంగు. మా వేలం కేంద్రానికి ఈ రంగు ఆకు వచ్చి ఉంటే బేలు విప్పి చూడకుండానే పక్కకు నెట్టేవాళ్లం. ముప్పై ఏళ్లు నేర్చుకున్న చూపు ఇక్కడ అక్కరకు రాదని అర్థమైంది. తాతయ్య చూపు తెచ్చుకోవాలి.

తాతయ్యకు రాజమహేంద్రవరం ఎగువన గోదావరి లంకలో ఎకరంన్నర ఉండేది. వరద తీశాక, కొత్త ఒండ్రు మీద నాట్లు. మాఘం, ఫాల్గుణం దాటేసరికి కోత. నేను సిగరెట్టు పొగాకు కంపెనీలో చేరినప్పుడు ఆయన నవ్వి, "పసుపు ఆకు చూడ్డానికిరా, నల్ల ఆకు తాగడానికి" అన్నాడు. అప్పుడది పల్లెటూరి పెద్దమనిషి గొప్పలు అనుకున్నాను. తరువాత ఉద్యోగంలోనే తెలిసింది, అందులో రసాయనశాస్త్రం ఉందని. వేడిగాలికి ఆరిన పసుపు ఆకులో చక్కెర ఎక్కువ, దాని పొగ ఆమ్లం. ఊపిరితిత్తుల దాకా పీల్చనిస్తుంది. నీడన గాలికి ఆరి, మగ్గిన నల్ల ఆకులో చక్కెర దాదాపు ఉండదు, పొగ క్షారం. అది గొంతు దిగనివ్వదు, నోట్లోనే నికోటిన్‌ను ఎక్కిస్తుంది. అందుకే చుట్ట పొగ ఎవరూ మింగరు. పొరపాటున మింగినవాడు మళ్లీ మింగడు.

సరే, కళ్లు పక్కన పెట్టి వేళ్లతో మొదలుపెట్టాను. వెలిగించే చివర నుంచి నోట్లో పెట్టుకునే మొన దాకా బొటనవేలు, చూపుడు వేలు మధ్య మెల్లగా నొక్కుతూ పోయాను. ఎక్కడా గుంట పడలేదు, ఎక్కడా గడ్డ తగల్లేదు. నొక్కి వదిలితే మళ్లీ పైకి వస్తోంది. పై ఆకు ఈనెలు దారాల్లా సన్నగా ఉన్నాయి, అతుకు ఎక్కడుందో గోరుతో వెతకాల్సి వచ్చింది. వేలికి కాస్త జిడ్డు అంటింది. క్యూబాలో ఈ పై ఆకు కోసమే వేరే తోటలు వేసి, పైన పలచటి గుడ్డ పందిరి కడతారు. ఎండ నేరుగా తగలకపోతే ఆకు పలచగా, వెడల్పుగా సాగుతుంది. ఈ ఈనెలు చూశాక ఆ గుడ్డ ఖర్చు దండగ కాదనిపించింది. సెల్‌ఫోను వెలుతురులో చుట్టూ తిప్పి చూశాను. సూది మొనంత రంధ్రం కూడా లేదు. నా శత్రువు రాలేదు.

వెలిగించకుండానే చివర వాసన చూస్తే కొత్త ఈతచాప, దాని వెనక దోరగా వేయించిన ధనియాలు. పచ్చి ఆకులో ముక్కు అదరగొట్టే అమ్మోనియా ఘాటు లేదు. అంటే మగ్గబెట్టడంలో ఎవరూ తొందరపడలేదు. తాతయ్య మొనను పంటితో కొరికి ఉమ్మేవాడు. నేను కొత్త బ్లేడు వాడాను. ఖాళీగా ఒకసారి పీల్చి చూశాను, గాలి సన్నగా, అడ్డు లేకుండా వచ్చింది. అగ్గిపుల్ల గంధకం కాలిపోయేదాకా ఆగి, మంట తగలనీయకుండా చివరను కాస్త దూరం నుంచి చుట్టూ వేడిచేశాను.

మొదటి పీల్పులకే మిరియం. పులుసులో వేసిన మిరియం కాదు, పొడి మిరియం పంటికింద పడ్డట్టు. నాలుక అంచుల్లో చురుక్కుమంది. నాలుగైదు పీల్పుల తరువాత అది తగ్గి, కాఫీ గింజలు వేయించే కొట్టు ముందు నుంచి నడిచినట్టు ఒక కమ్మదనం వచ్చింది. పొగను ముక్కులోంచి వదిలితే ధనియాల వాసన మళ్లీ తగిలింది. బూడిద తెల్లగా, పొరలు పొరలుగా, రెండు సెంటీమీటర్ల దాకా రాలకుండా నిలిచింది. కాలే గీత ఒకవైపు ఒంగింది కాని తనంతట తనే సర్దుకుంది.

సగం దాటాక నా తప్పు తెలిసింది. నేను సిగరెట్టు వేగంతో పీలుస్తున్నాను. చిన్న చుట్టకు అదే పరీక్ష. నిప్పుకూ నోటికీ మధ్య దూరం తక్కువ, తొందరపడితే పొగ కాగిపోయి చేదెక్కుతుంది. పెద్ద చుట్ట ఈ తప్పును కొంతసేపు కాస్తుంది, ఇది కాయదు. కింద పెట్టి, గోదారి గట్టు మీది వీధి దీపాలు లెక్కపెట్టుకుంటూ నిమిషం ఆగాను. ఆగి పీలిస్తే చేదు పోయి, బెల్లం పాకం అడుగంటడానికి ముందు వచ్చే వాసన ఒకటి దొరికింది. మొత్తానికి అదే దీనిలో గొప్ప ఘడియ. నాలుగైదు పీల్పులే ఉంది. చివరి మూడోవంతులో బలం బాగా పెరిగింది. నుదుట చిరుచెమట పట్టింది. భోజనం చేసి కూర్చున్నాను కాబట్టి సరిపోయింది. ముప్పై ఎనిమిది నిమిషాలకు వేళ్లు కాలేలా వచ్చింది, వదిలేశాను.

తాతయ్య లంక చుట్టతో పోల్చకుండా ఉండలేను. బలంలో లంక ఆకు దీనికి ఏమాత్రం తీసిపోదు, ఒక మెట్టు పైనే. కాని ఆయన చుట్ట మొదటి దమ్ము నుంచి చివరి దాకా ఒకటే మాట చెప్పేది. ఇక్కడ అలా కాదు. మొక్క అడుగు ఆకు చక్కగా కాలడానికి, నడిమి ఆకు వాసనకు, ఎండ బాగా తిన్న తల ఆకు బలానికి. మూడింటినీ విడివిడిగా ఏరి, విడివిడిగా మగ్గబెట్టి, మెల్లగా కాలే తల ఆకును నడిబొడ్డున పెట్టి చుడతారు. తాతయ్య అడుగు ఆకూ తల ఆకూ ఒకే కుప్పలో వేసేవాడు. నేనేమో జీవితమంతా ఆకులు ఏరే పనే చేశాను, రంగును బట్టి. మేమిద్దరం కలిసి ఒక్క ఏడాది పనిచేసి ఉంటే ఆ ఎకరంన్నర ఎలా ఉండేదో అని ఒక్కోసారి అనిపిస్తుంది.

మా ఆవిడది శ్రీకాకుళం వైపు. వాళ్ల నాయనమ్మ అడ్డచుట్ట కాల్చేది, నిప్పు నోటి లోపలికి పెట్టుకుని. అంగిలి పుండై, దాంతోనే పోయింది. అందుకని ఈ ఇంట్లో ఏడాదికి రెండు చుట్టలకు మించి వీల్లేదు. బేరాల్లేవు. ఆ ఏడాది రెండూ అయిపోయాయి. నాఫ్తలీన్ చుట్టను కూడా లెక్కలో వేసింది మరి.

మేనల్లుడు ఫోను చేసి "మార్కులు ఎన్ని మావయ్యా?" అన్నాడు. రంగుకు లోగ్రేడ్ అన్నాను. వాడు కంగారుపడ్డాడు. పదికి ఎనిమిదిన్నర అన్నాక నవ్వాడు. తగ్గిన ఒకటిన్నరలో ఒకటి నా తొందరదే. మూడోది సీసాలో ఉంది. వచ్చే మార్గశిరం దాకా దాని జోలికి పోను.