టిక్ టిక్ వినిపించింది, భుస్ మాత్రం రాలేదు

పొద్దున్న అత్తయ్య స్నానానికని వెళ్ళి, కుళాయి తిప్పి చూసి, తువ్వాలు భుజాన వేసుకుని వెనక్కి వచ్చేశారు. "నీళ్ళు ఇంకా చల్లగానే ఉన్నాయమ్మా" అన్నారు. నేను గ్యాస్ వాటర్ హీటర్ స్విచ్ వేసి అప్పటికే అరగంట దాటింది. ఇల్లులా వాడుకునే మా బండిలో, అదే మోటార్ హోమ్‌లో, ఉన్నది 22 లీటర్ల చిన్న ట్యాంకే, ఈపాటికి కాగిపోవాలి. వెళ్ళి చూస్తే స్విచ్ పక్కన ఎర్ర లైటు.

ఆ ఎర్ర లైటును నేను చెడిపోవడం కింద లెక్కవెయ్యను. లోపలి బోర్డు గ్యాస్ వాల్వ్ తెరిచి నిప్పురవ్వ కొడుతుంది. మంట ఉన్నట్టు తెలియకపోతే వాల్వ్ మూసేసి మళ్ళీ ప్రయత్నిస్తుంది. మా దాంట్లో అలా మూడుసార్లు. అప్పటికీ అంటుకోకపోతే ఇక ఆగిపోతుంది. మండని గ్యాస్‌ని వదులుతూ కూర్చోదు. అది తన పని తాను చేసింది, మిగతాది నేను చూడాలి.

అత్తయ్యకి కీళ్ళ నొప్పులు, చన్నీళ్ళు అస్సలు పడవు. మా ఆయన స్టవ్ మీద పెద్ద గిన్నెతో నీళ్ళు పెట్టేశారు. ఆ స్టవ్వే నాకు సగం దారి చూపించింది. మంట నీలంగా, నిండుగా ఉంది. స్టవ్‌కీ హీటర్‌కీ సిలిండరూ ఒకటే, రెగ్యులేటరూ ఒకటే. కాబట్టి గ్యాస్‌కి కొరత లేదు. సిలిండర్ మార్చిన రోజైతే పైపులో గాలి చేరి హీటర్ మొరాయిస్తుంది. అలాంటప్పుడు ముందు స్టవ్ కాసేపు వెలిగిస్తే గాలి పోతుంది. ఇవాళ ఆ సంగతీ కాదు. బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు, అక్కడా లోపం లేదు.

బయటికి వెళ్ళి హీటర్ తలుపు తీసి పక్కకి నిలబడ్డాను. ఆయన్ని లోపల స్విచ్ ఆపి మళ్ళీ వెయ్యమన్నాను. 'టక్'మని వాల్వ్ తెరుచుకుంది. టిక్ టిక్ టిక్, రవ్వ కళ్ళకు కనబడుతూనే ఉంది. ఆ తర్వాత రావలసిన 'భుస్' రాలేదు. సన్నగా గ్యాస్ వాసన మాత్రం వచ్చింది. "ఆపెయ్యండి, ఆపెయ్యండి" అని కేకేశాను. గ్యాసూ వస్తోంది, రవ్వా పడుతోంది, మధ్యలో ఎక్కడో ఈ రెండూ కలవడం లేదు.

సిలిండర్ కట్టేసి పావుగంట ఆగాను. ప్రొపేన్ గాలికంటే బరువు, కిందికి దిగి పల్లంలో నిలిచిపోతుంది. అందుకని వంగి, నేల దగ్గర కూడా వాసన చూసుకున్నాకే బర్నర్ గొట్టం మీద చెయ్యి వేశాను. విప్పి వెలుతురుకి పెట్టి చూస్తే లోపల తెల్లగా, దూది ఉండలా సాలెగూడు! గ్యాస్ సన్నటి జెట్‌లోంచి దూసుకొస్తూ పక్క సందులోంచి గాలిని లాక్కుని, రెండూ కలిసేది ఆ గొట్టంలోనే. అది పూడుకుపోతే రవ్వ దాకా చేరేదేముంటుంది? సీసాలు కడిగే సన్నటి బ్రష్‌తో గొట్టం శుభ్రం చేశాను. జెట్ రంధ్రంలో మాత్రం పిన్ను పెట్టలేదు. పెడితే రంధ్రం వెడల్పయి గ్యాస్ ఎక్కువ వస్తుంది, అప్పుడు వేరే గొడవ మొదలవుతుంది.

మళ్ళీ బిగించి స్విచ్ వేయించాను. టక్, టిక్ టిక్, భుస్! ఎంత హాయిగా అనిపించిందో. కానీ మంట కొసలు పసుపుపచ్చగా ఉన్నాయి. విప్పేటప్పుడు గాలి సందు మీది రేకు కాస్త జరిగినట్టుంది. అలా వదిలేస్తే మసి పడుతుంది, కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. ఆపి, చల్లారనిచ్చి, రేకును కొంచెం కొంచెంగా తెరిచి చూసుకుంటే మూడోసారికి మంట నీలంగా, గట్టిగా హోరుమంది. అత్తయ్య స్నానం పదింటికి అయింది.

సాయంత్రం మళ్ళీ ఇంకో చిక్కు. హీటర్ మండుతూనే ఉంది, నీళ్ళు మాత్రం గోరువెచ్చన దాటడం లేదు. నీళ్ళని హీటర్ ట్యాంకులోకి పోనివ్వకుండా పక్కదారి పట్టించే బైపాస్ వాల్వ్ చూశాను, సరిగ్గానే ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున్న మసి చేతులు బయటి షవర్ దగ్గర కడుక్కున్నాను. చేతిపిడి మీద మీట నొక్కి నీళ్ళు ఆపానే కానీ, చల్లది, వేడిది రెండు కుళాయిలూ తెరిచే ఉంచాను. అక్కడ చన్నీళ్ళు వేడి పైపులోకి కలిసిపోతున్నాయి. రెండూ కట్టేస్తే సరిపోయింది.

రాత్రి దీపాలు ఆర్పి పడుకున్నాక, ట్యాంకు కాస్త చల్లబడ్డట్టుంది, బయట మళ్ళీ టిక్ టిక్ మొదలైంది. ఊపిరి బిగబట్టి విన్నాను. దుప్పటిలోంచి అత్తయ్య గొంతు వినిపించింది, "అంటుకుందమ్మా, పడుకో."