పదహారింటిలో ఒక్కటే దొంగ

విప్పిన కారు ఇంజన్‌ని నిన్న సాయంత్రం మళ్లీ మూసేశాను. గోళ్ల సందుల్లో నలుపు ఇంకా వదల్లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

ఐడ్లింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజన్ ఊరికే తిరిగేటప్పుడు, టిక్‌టిక్‌మని చప్పుడు. మొదట వెళ్లిన వర్క్‌షాపువాళ్లు బానెట్ ఎత్తీ ఎత్తకుండానే "టాపెట్ సౌండ్ సార్, చిక్కటి ఆయిల్ పోస్తే పోద్ది" అన్నారు. పోశారు. నాలుగు రోజులు తగ్గి, ఐదో రోజు మళ్లీ మొదలైంది. ఇంటికొచ్చి బిల్లు చూస్తే అందులో "టాపెట్ సెట్టింగ్" అని రాసి ఉంది. అంటే వాల్వుల (సిలిండర్లోకి గాలి వచ్చే, పొగ పోయే తలుపుల) దగ్గర ఉండే గ్యాప్‌ని స్క్రూ తిప్పి సరిచేయడం. నా ఇంజన్‌లో ఉన్నవి హైడ్రాలిక్ అడ్జస్టర్లు. ఆయిల్ ప్రెషర్‌తో గ్యాప్‌ను వాటంతటవే సర్దుకుంటాయి. సెట్ చేయడానికి అక్కడ స్క్రూయే లేదు! లేని స్క్రూని ఎలా తిప్పారో ఆ మహానుభావులే చెప్పాలి.

అప్పుడే అనుకున్నా, ఇక నేనే విప్పుతానని.

చప్పుడు ఎక్కడిదో పట్టుకోవడానికి పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించి, కొన ఇంజన్ పై కవర్ మీద పెడుతూ పోయాను. ఒకచోట గట్టిగా వినిపించింది. ఐడ్లింగ్‌లో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగితే, వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్ట్ తిరిగేది అందులో సగం, 400. అంటే ఒక్కో వాల్వ్ సెకనుకు ఆరేడుసార్లు తెరుచుకుంటుంది. నాకు వినపడే టిక్కులూ దాదాపు అన్నే. పైగా పొద్దున చల్లగా ఉన్నప్పుడు లేని చప్పుడు, వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక పెరుగుతోంది. అడ్జస్టర్ల గోల సాధారణంగా దీనికి తలకిందులు. స్టార్ట్ చేయగానే మోగి, ఆయిల్ అందాక ఊరుకుంటాయి.

కవర్, చైన్, క్యామ్‌షాఫ్టులు అన్నీ పేచీ లేకుండా వచ్చాయి. తీసే ముందు గుర్తులు పెట్టుకోండి, అంతే.

అసలు పరువు పోయింది ఆ తర్వాత. పదహారు రాకర్ ఆర్మ్‌లూ (క్యామ్‌షాఫ్ట్ నొక్కుడుని వాల్వ్‌కి అందించే చిన్న చేతులు, ఒక్కోదానికి ఒక రోలర్) వరసగా బల్లమీద పేర్చి, ఒక్కో రోలర్‌ని వేళ్లతో పక్కకి కదిపి చూశాను. అన్నీ కదిలాయి. మొత్తం సెట్టు పోయిందని తేల్చేసి, పదహారూ సంచిలో వేసుకుని, తెలిసిన పాత మేస్త్రిగారి దగ్గరికి వెళ్లాను. దారంతా మనసులో ఉపన్యాసం తయారు చేసుకున్నాను కూడా. కుర్రాళ్లందరి ముందూ "పదహారూ లూజే మేస్త్రిగారూ" అన్నాను. ఆయన ఒకటి తీసి అటూఇటూ కదిపి, "పక్కకి ఆ మాత్రం ఆట ఉండకపోతే తిరిగేదెలా బాబూ? పైకీకిందకీ కదిపి చూశావా?" అన్నారు. చూడలేదు. కుర్రాళ్లు నవ్వారు. నవ్వరూ మరి!

తర్వాత ఆయన అన్నీ కిరసనాయిల్లో కడిగించారు. ఆయిల్ ఉంటే గరుకు వేలికి తెలియదట. తుడిచి ఒక్కో రోలర్‌నీ మెల్లగా తిప్పమన్నారు. పదకొండోది తిరుగుతూ తిరుగుతూ ఒకచోట ఇసుక పడ్డట్టు కరకరమంది. పైకీకిందకీ ఆట కూడా దానికొక్కదానికే ఉంది. "ఇదీ దొంగ" అన్నారు. రోలర్‌కి ఇరుసులాంటి పిన్ను కొసలు అణిచి బిగించి ఉంటాయి కాబట్టి ఇది బాగుచేసే సరుకు కాదు, ఆర్మ్ మొత్తం మార్చాల్సిందే. ఎలాగూ పారేసేదే కదా అని పిన్ను కొట్టి చూపించారు. సూదుల్లాంటి సన్నటి రోలర్లు బల్లంతా దొర్లాయి. వాటిని విడివిడిగా పట్టి ఉంచే కేజ్ లేదు. పక్కపక్క సూదులు రెండూ ఒకే దిక్కుకి తిరుగుతాయి గనక, అవి తగిలేచోట ఒకదాని ఉపరితలం పైకీ ఇంకోదానిది కిందకీ పోతూ రాసుకుంటాయి. మంచి ఆయిల్ ఉన్నంతకాలం అది ఇబ్బంది కాదు.

పిన్ను మీద, క్యామ్ వైపున మాత్రమే, చిన్న గుంట. పెచ్చు లేచిపోయినట్టుంది. రోలర్ తిరుగుతుంది గానీ పిన్ను తిరగదు. క్యామ్ లోబ్ (క్యామ్‌షాఫ్ట్ మీది ఉబ్బు) నొక్కే భారమంతా ఎప్పుడూ పిన్నుకి ఆ ఒక్క వైపే పడుతుంది. అక్కడ లోహం అలిసి పెచ్చు లేస్తే, ప్రతి సూదీ ఆ గుంటలో పడి లేస్తుంది. లోబ్ ఎత్తినప్పుడు స్ప్రింగ్ బలం తోడై టిక్‌మంటుంది. హైడ్రాలిక్ అడ్జస్టర్ ఉంది కదా అంటారా? అది ఖాళీని పూడుస్తుంది, గుంటని పూడ్చలేదు. చిక్కటి ఆయిల్ చేసిన పనల్లా ఆ దెబ్బకి నాలుగు రోజులు దుప్పటి కప్పడమే.

ఆయిల్ మార్చడం ఎన్నాళ్లు వాయిదా వేశానో మేస్త్రిగారు అడిగారు. ఆ సంగతి ఇక్కడ రాయను.

ఆ లోబ్‌ని గోటితో తడిమితే నున్నగానే తగిలింది, బతికిపోయాను. రోలర్ బిగుసుకుపోయి ఉంటే దొర్లడం మానేసి ఈడ్చుకుపోయి క్యామ్‌ని కూడా తినేసేది. రాలిన పొడి ఎక్కడైనా ఉంటుందని ఆయిల్, ఫిల్టర్ మార్చాను. కొన్నాళ్లు తిప్పాక ఇంకోసారి మారుస్తా.

కొత్త ఆర్మ్ వేసి, అంతా బిగించి స్టార్ట్ చేయగానే టకటకటకా అని ఇంతకుముందుకన్నా పదింతలు మోత. గుండె జారిపోయింది. కీ ఆపేయబోతుంటే, పక్కనే నిలబడ్డ మేస్త్రిగారు నా చెయ్యి పట్టుకుని "ఆగు, అడ్జస్టర్లు ఖాళీగా ఉన్నాయి, ఆయిల్ ఎక్కనీ" అన్నారు. ఒక్కొక్కటే సద్దుమణిగాయి. చివరికి ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల చిటచిట ఒక్కటే మిగిలింది.