కొత్తవాళ్ళ కథలు ఎక్కడ వేసుకుంటారు?

ఖమ్మం వైరా రోడ్డులో మాకు డీటీపీ షాపు ఉంది. పెళ్ళిపత్రికలు, కోర్టు పిటిషన్లు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు మా ప్రధానమైన పని. వాటి మధ్యలో లాంగ్‌నోటుబుక్ చంకలో పెట్టుకుని ఎవరో ఒకరు కథ టైపు చేయించుకోవడానికి వస్తుంటారు. రిటైరైన ఆర్టీసీ కండక్టరు, అంగన్‌వాడీ టీచరు, డిగ్రీ చదివే పిల్లలు. ప్రింటు చేతికి తీసుకుని తప్పులు చూసుకున్నాక అందరూ అడిగేది ఒకటే: "దీన్ని ఎక్కడికి పంపమంటావమ్మా? కొత్తవాళ్ళవి వేసుకుంటారా?"

వేసుకుంటారు. నేను కూడా కథలు రాస్తాను, నావీ వేసుకున్నారు. కాకపోతే ఎవరు వేసుకుంటారో కనిపెట్టే పద్ధతి ఒకటుంది.

"కొత్త రచయితలకు ఆహ్వానం" అన్న మాట చూసి చాలామంది పంపేస్తారు. ఆ మాట వెయ్యని పత్రిక అరుదు. నేను మాత్రం విషయసూచిక చూస్తాను. ఏ పత్రికకు పంపాలనుకుంటున్నారో దాని పాత సంచికలు ఓ అరడజను ముందేసుకుని కథల కింద ఉన్న పేర్లు చదవండి. అన్నీ పేరున్నవాళ్ళవే అయితే అక్కడ మీ వంతు రావడానికి చాలాకాలం పడుతుంది. సంచికకు ఒక్క పేరైనా మీరెన్నడూ విననిది కనిపిస్తోందంటే, అక్కడ వచ్చిన మెయిళ్ళు విప్పి చదివే మనిషి ఉన్నాడు. ఆ మనిషి కోసమే మన వెతుకులాట.

పాత సంచికలు ఎక్కడ దొరుకుతాయని అడగొద్దు. జిల్లా గ్రంథాలయంలో కూర్చుంటే పేపర్లతో వచ్చే ఆదివారం పుస్తకాలు, మాసపత్రికలు చదువుకోవచ్చు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథల గ్రంథాలయం కథానిలయానికి వెబ్‌సైటు కూడా ఉంది. రచయిత పేరుతోనూ పత్రిక పేరుతోనూ అందులో కథలు వెతకొచ్చు, చాలా కథలు స్కాన్ చేసి పెట్టారు. మీకిష్టమైన రచయిత తొలి కథలు ఏ పత్రికలో వచ్చాయో అక్కడ తెలుస్తుంది. ఇంకో దారి, కథాసాహితి వాళ్ళు 1990 నుంచి ఏటా తెస్తున్న 'కథ' సంకలనాలు. వాటిలో ప్రతి కథకూ అది మొదట ఏ పత్రికలో వచ్చిందో వేస్తారు. ఈమధ్య వచ్చిన రెండు మూడు సంకలనాల్లో ఆ ఒక్క వివరం రాసుకుంటూ పోండి, మంచి కథ ఎక్కడెక్కడ పుడుతోందో మీకే ఒక జాబితా తయారవుతుంది. ఎవరో వాట్సాప్‌లో పంపిన జాబితా కన్నా ఇది నమ్మదగినది.

వాట్సాప్ జాబితాల సంగతి ఎందుకు ఎత్తానంటే, వాటిలో మూతపడిన పత్రికలు ఇంకా తిరుగుతున్నాయి. విపుల, చతుర 1978లో మొదలై 2021లో ఆగిపోయాయి. నెలకో నవల వేసే చతుర లాంటి చోటు మళ్ళీ రాలేదు. అనువాద కథలు వేసే విపుల ఆగడంతో అనువాదకులకు పెద్ద గుమ్మం మూసుకుంది. ఆంధ్రభూమి వారపత్రిక, నవ్య వీక్లీ కరోనా రోజుల్లో పోయాయి. వీటి అడ్రసులకు ఇప్పటికీ కథలు పోస్టు చేస్తున్నవాళ్ళున్నారు. చూస్తే బాధేస్తుంది. అందుకే పత్రిక తాజా సంచిక కళ్ళారా చూడకుండా పంపొద్దని చెబుతుంటాను.

ఇప్పుడు అచ్చులో కథకు మిగిలిన పెద్ద చోటు ఆదివారం పుస్తకాలు. ఈనాడు, ఆంధ్రజ్యోతి ఆదివారం అనుబంధాలు, సాక్షి ఫండే, నమస్తే తెలంగాణ బతుకమ్మ, నవతెలంగాణ సోపతి, ప్రజాశక్తి స్నేహ. పెద్ద పేపర్లలో పోటీ విపరీతం. కొత్త పేర్లు నాకు ఎక్కువగా కనిపించింది సోపతిలోనూ స్నేహలోనూ. మన తెలంగాణ జిల్లాల మాటలో, ఇంట్లో మాట్లాడినట్టే రాసిన కథ అయితే బతుకమ్మ గురించి ఆలోచించండి. ఒకటి గుర్తుంచుకోవాలి: ఆదివారం పుస్తకంలో కథకు రెండు మూడు పేజీలే, బొమ్మ కూడా అందులోనే సర్దాలి. పన్నెండు పేజీల కథను అక్కడికి పంపి, వెయ్యలేదని బాధపడి లాభం లేదు.

నిడివి ఎక్కువున్న కథకు మాసపత్రికలు, వెబ్ పత్రికలు మేలు. మాసపత్రికల్లో పాలపిట్ట ఉంది. సాహితీ స్రవంతి వాళ్ళ సాహిత్య ప్రస్థానం ఉంది. విరసం (విప్లవ రచయితల సంఘం) వాళ్ళ అరుణతార ఉంది. చివరి రెంటికీ తమ సాహిత్య దృక్పథం ఉంది, అది దాచుకోరు. కాబట్టి చదివాకే పంపాలి. మిసిమి ప్రధానంగా వ్యాసాలది, కథ పట్టుకుని అటు వెళ్ళనక్కర్లేదు. కవితలైతే సోమవారం సాహిత్య పేజీలు చూడండి, ఆంధ్రజ్యోతి 'వివిధ' లాంటివి. కవిత్వం గురించి ఇంతకన్నా చెప్పను, నా లోకం కథ.

పంపే తీరు గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే మంచి కథ కూడా ఇక్కడే చిక్కుకుపోతుంది. మా దగ్గర ఇప్పటికీ అను ఫాంట్లలో కొట్టించుకునేవాళ్ళున్నారు. అచ్చుకు అవి బాగానే ఉంటాయి. ఆ ఫైలును అలాగే మెయిల్ చేస్తే, అవతలి కంప్యూటర్లో ఆ ఫాంటు లేకపోతే, తెలుగు ఉండాల్సిన చోట పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్లోనైనా తెలుగుగానే కనిపించే యూనికోడ్‌లోకి మార్చి పంపాలి. మార్చేటప్పుడు వత్తులు, గుణింతాలు అక్కడక్కడా చెదురుతాయి కాబట్టి మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా మళ్ళీ చదవాలి. కండక్టరు గారి కథ మార్చినప్పుడు సంభాషణల్లో కొటేషన్ గుర్తులు మొత్తం ఎగిరిపోయాయి. డ్రైవరు మాట ఏదో, ప్రయాణికుడి మాట ఏదో తెలియకుండా పోయింది. ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ఎవరి మాట ఎక్కడ మొదలవుతుందో వేలితో చూపిస్తుంటే ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాను. ఎడిటరుకు అంత ఓపిక ఎందుకుండాలి? ఫోన్లోనే తెలుగులో టైపు చేయగలిగితే ఈ తిప్పలు ఉండవు. మా షాపుకు గిరాకీ తగ్గినా సరే, ఆ మాటే చెబుతాను.

తర్వాత హామీపత్రం. కొత్తవాళ్ళు దీన్ని చూసి భయపడతారు, వకీలు దగ్గరికి వెళ్ళాలేమో అనుకుంటారు. నాలుగు వాక్యాలే. "ఈ కథ నా సొంత రచన. దేనికీ అనువాదం గాని అనుసరణ గాని కాదు. ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాలేదు. ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదు." కింద పేరు, కలంపేరు ఉంటే అదీ, అడ్రసు, ఫోన్ నంబరు. ఇంతే. వెనకటి రోజుల్లో దీనితోపాటు స్టాంపులు అంటించిన కవరు కూడా జతచేసేవాళ్ళు, కథ తిరిగి రావడానికి. ఇప్పుడు ఆ ఖర్చు లేదు. అయితే "ఎక్కడా ప్రచురితం కాలేదు" అన్న వాక్యాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఫేస్‌బుక్‌లో పెట్టినా, ప్రతిలిపి యాప్‌లో పెట్టినా చాలా పత్రికలు ప్రచురణ కిందే లెక్కేస్తాయి. నలుగురికీ చూపించాలన్న ఆత్రంలో ముందే పెట్టేస్తే ఆ కథకు పత్రిక దారి మూసుకుంటుంది. ఆత్రం ఆపుకోలేకపోతే ఇద్దరు స్నేహితులకు మెయిల్ చేయండి.

ఇక వెబ్ పత్రికలు. వీటిని చిన్నచూపు చూసేవాళ్ళంటే నాకు నిజంగా కోపం. "అచ్చులో రాలేదుగా" అంటారు. 'ఈమాట' అనే వెబ్ పత్రిక 1998 నుంచి నడుస్తోంది, అమెరికాలో మొదలైంది. అక్కడ కథను పరిశీలకులు చదివి, ఏది కుదరలేదో, ఎందుకు కుదరలేదో రాస్తారు. ఆ జాబు ఒక్కోసారి గట్టిగానే ఉంటుంది. కానీ మన కథను ఒక పరాయి మనిషి అంత శ్రద్ధగా చదవడం కొత్త రచయితకు ఇంకెక్కడ దొరుకుతుంది? అఫ్సర్, కల్పనా రెంటాల వాళ్ళ సారంగ కొత్త గొంతులను వెతికి మరీ వేస్తుంది. కిరణ్‌ప్రభ గారి కౌముది 2007 నుంచి నెలనెలా వస్తోంది. 'సంచిక' అనే ఇంకో వెబ్ పత్రిక వారం వారం వస్తుంది, అందులో అన్ని రకాల రచనలకూ చోటుంది. ఆడవాళ్ళ రచనల కోసం విహంగ, 2019లో మొదలైన నెచ్చెలి ఉన్నాయి. మా అంగన్‌వాడీ టీచరుకు నేను మొదట చూపించింది నెచ్చెలినే. ఫోన్లో అప్పటికప్పుడు నాలుగు కథలు చదివి, "ఇట్లాంటివి నాకూ తెలుసు" అంది. పత్రిక ఎంచుకోవడమంటే అదే.

కథ పంపడానికి ఇంకా ధైర్యం చాలనివాళ్ళకు పుస్తకం.నెట్ చూపిస్తాను. 2009 నుంచి పుస్తకాల గురించి మాత్రమే రాస్తున్న చోటు అది. చదివిన పుస్తకం ఎలా ఉందో మామూలు పాఠకులు రాసినవి బోలెడు. ఒక పుస్తకం ఎందుకు నచ్చిందో రెండు పేజీలు రాయడం చేయి తిరగడానికి మంచి పని, పైగా ఎవరో ఎడిట్ చేస్తే మన వాక్యం ఎలా మారుతుందో చూస్తాం.

పోటీలంటే పేరున్నవాళ్ళకేలే అని చాలామంది అనుకుంటారు. అది సరి కాదు. ఉగాదికి, దీపావళికి, సంక్రాంతికి వచ్చే పోటీల్లో బహుమతి రాకపోయినా "సాధారణ ప్రచురణకు ఎంపికైనవి" అని ఒక జాబితా వేస్తుంటారు. కొత్తవాళ్ళకు అసలైన తలుపు అదే. నమస్తే తెలంగాణ, ముల్కనూరు ప్రజా గ్రంథాలయం కలిసి పెట్టే కథల పోటీలో బహుమతులు కూడా చాలామందికి పంచుతారు. ప్రకటనలో గడువు తేదీ, పదాల పరిమితి చూసుకుని పంపండి. పరిమితి దాటితే చదవకుండానే పక్కన పెడతారు.

డబ్బు విషయం సూటిగా చెబుతాను. పేపర్లు కొన్ని పారితోషికం ఇస్తాయి, వెబ్ పత్రికలు చాలావరకు ఇవ్వవు. అందులో తప్పు లేదు, వాళ్ళూ జీతం లేకుండానే పనిచేస్తారు. మన దగ్గరే డబ్బు అడిగేవాళ్ళతో మాత్రం జాగ్రత్త. "సంకలనం వేస్తున్నాం, ఒక్కో కథకు ఇంత కట్టండి, పది కాపీలు ఇస్తాం, సన్మానం చేస్తాం" అని ఫోన్లు వస్తుంటాయి. అలాంటి పుస్తకాలు మా షాపులోనే పేజీలు పెట్టించుకున్నారు. కథలను ఎవరూ ఎంపిక చెయ్యలేదు, ఎవరూ దిద్దలేదు. డబ్బు కట్టినవాళ్ళందరి కథలూ వరసగా వేశారు. అంగన్‌వాడీ జీతంలోంచి ఆ డబ్బు కట్టిన మనిషి నాకు తెలుసు. కథ రాసిన మనిషి ఖర్చు పెట్టాల్సింది చదవడం మీద.

పంపాక జవాబు రాదు. ఇది అందరికీ జరిగేదే. పేపర్లకు కుప్పలుగా వస్తాయి, ప్రతివాళ్ళకూ జాబు రాసే సిబ్బంది లేరు. మూడు నెలలు చూసి, "ఫలానా కథను పరిశీలన నుంచి వెనక్కి తీసుకుంటున్నాను" అని రెండు లైన్లు మర్యాదగా మెయిల్ చేసి, రెండో చోటికి పంపండి. ఆ మెయిల్ పంపకుండా ఒకేసారి రెండు చోట్లకు పంపితే, రెండు చోట్లా ఎంపికైన రోజున ఇద్దరు ఎడిటర్ల దగ్గరా మాట పోతుంది.

మొన్న డిగ్రీ రెండో సంవత్సరం అమ్మాయి ఒక వెబ్ పత్రికకు కథ పంపింది. మిర్చి యార్డులో హమాలీగా చేసే తండ్రి కథ. ఎడిటర్ మూడు మార్పులు అడిగారు. మొదటి పేజీలో వాతావరణ వర్ణన తగ్గించమన్నారు, మధ్యలో ఒక పాత్ర పేరు మారిపోయింది సరిచెయ్యమన్నారు, చివర్లో తండ్రి మాట్లాడే వాక్యం తీసెయ్యమన్నారు. "అక్కా, మూడూ చెయ్యాలా?" అని వచ్చింది. మొదటి రెండూ చెయ్యి, మూడోది నీకు ఎందుకు కావాలో వాళ్ళకు చెప్పు అన్నాను. మా షాపులోనే కూర్చుని జాబు కొట్టింది: కథ మొత్తంలో తండ్రి నోరు విప్పేది ఆ ఒక్కచోటే, అది తీసేస్తే అతను మూటలు మోసే మనిషిగానే మిగిలిపోతాడు అని. ఎడిటర్ ఒప్పుకున్నారు. వాక్యం అలాగే ఉంచి కథ వేశారు. ఇప్పుడు రెండో కథ తెచ్చింది, ఆ పత్రిక నిడివికి పొడుగైపోయిందట. దాన్ని ఎక్కడికి పంపాలో చూడ్డానికి పాలపిట్ట పాత సంచికలు కొన్ని తెమ్మన్నాను.