వేసవి పోతోందని దిగులుపడే పాటలు

మన దగ్గర వేసవి వెళ్లిపోతోందని బాధపడిన మనిషిని నేను చూడలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మృగశిర వచ్చి నాలుగు చినుకులు రాలితే ఊరంతా హమ్మయ్య అనుకుంటుంది. మన సినిమాల్లో వాన పాటలకు లెక్కే లేదు, వసంతానికీ కోయిలకూ కొదవ లేదు. ఎండాకాలం అయిపోయిందే అని గుండె బరువెక్కే పాట ఒక్కటి చెప్పమంటే మాత్రం నాకు తట్టదు. జపాన్‌లో అలాంటివి కుప్పలు తెప్పలు. టోక్యోలోనే పుట్టి పెరిగిన మా అమ్మాయి ఏటా జులై రాగానే వాటితో ఒక జాబితా కట్టుకుంటుంది. చాలావరకు తను పుట్టకముందు వచ్చినవే. పదమూడేళ్లకే దీనికింత గతం ఎక్కడి నుంచి వచ్చిందా అని నాకు ప్రతిసారీ ఆశ్చర్యం.

జాబితాలో మొదట ఎప్పుడూ ఇనోవె యోసుయి పాడిన ‘షోనెన్ జిదాయ్’ ఉంటుంది. 1990 నాటిది. యుద్ధకాలంలో టోక్యో నుంచి పల్లెకు పంపేసిన ఒక కుర్రవాడి కథతో తీసిన సినిమా కోసం చేసిన పాట. చిన్ననాటి గురించిన ఆ పాట వేసవి దాటిపోవడంతోనే మొదలవుతుంది. తరువాత యమాషితా తత్సురో ‘సయోనారా నత్సు నో హి’, 1991. మొరియామా నావోతారో ‘నత్సు నో ఓవారి’, 2003. అన్నీ వీడ్కోళ్లే. మధ్యలో హుషారుకు ‘నత్సుమాత్సురి’ ఒకటి. 1990లో జిట్టెరిన్ జిన్ బృందం పాడినదాన్ని 2000లో హొక్కైడో అమ్మాయిల బృందం వైట్‌బెర్రీ మళ్లీ పాడింది. హైస్కూలు బేస్‌బాల్ పోటీల్లో బ్యాండువాళ్లు వాయిస్తారు కనుక మా అబ్బాయికి అది ఆటపాటగానే తెలుసు.

నాకు అన్నిటికంటే నచ్చింది ఫుజిఫాబ్రిక్ బృందం ‘వకమోనో నో సుబెతె’. వేసవి చివరి రోజులు, ఆ ఏటి ఆఖరి బాణసంచా. పైగా విడుదలైంది 2007 నవంబరులో, చలి మొదలయ్యాక! రాసి పాడిన షిమురా మసాహికో 2009లో ఇరవై తొమ్మిదేళ్లకే పోయాడు. ఫుజి కొండ పాదాన ఉన్న ఆయన సొంత ఊరు ఫుజియోషిదాలో, ఆయన జ్ఞాపకార్థం ఊరి సాయంత్రపు చైమ్‌గా ఈ పాట వరసనే వినిపించారు. ఇప్పుడది హైస్కూలు సంగీత పాఠ్యపుస్తకంలోకీ ఎక్కింది.

ఆ చైమ్ సంగతి చెప్పకపోతే ఈ పాట సగమే అర్థమవుతుంది. జపాన్ ఊళ్లలో భూకంపం, తుఫాను హెచ్చరికల కోసం వీధుల్లో స్తంభాలకు లౌడ్‌స్పీకర్లు కడతారు. అవి పనిచేస్తున్నాయో లేదో చూసుకోవడానికి రోజూ సాయంత్రం ఏదో ఒక పాట వరస మోగిస్తారు. చాలాచోట్ల అది ‘యూయాకె కోయాకె’, 1923లో అచ్చయిన పిల్లల పాట. అది వినపడగానే పార్కుల్లో ఆడుకునే పిల్లలు సైకిళ్లెక్కి ఇళ్లకు పోతారు. కేకలు వేసి పిలవక్కర్లేదు. షిమురా పాటలో ఐదు గంటల చైమ్ ప్రస్తావన రాగానే ఇక్కడ పెరిగినవాళ్లకు గొంతులో ఏదో అడ్డుపడుతుంది. మా అమ్మాయికీ పడుతుంది. నాకు పడదు. ఆ సమయానికి నేను బియ్యం కడుగుతూ ఉంటాను.

మా అమ్మ గుంటూరు నుంచి వచ్చినప్పుడు బాల్కనీలో బట్టలు తీస్తూ ఈ చైమ్ విని ఆగిపోయింది. “ఇది మోహనమే కదుటే!” అంది. నిజమే. ఆ కాలపు జపాన్ పాటల్లో చాలావాటికి స్వరాలు ఐదే. మధ్యమం ఉండదు, నిషాదం ఉండదు. స, రి, గ, ప, ద. సంగీతం పాఠాలు చెప్పిన మనిషి కదా, వెంటనే మనవణ్ని కూర్చోబెట్టి అదే రాగంలోని ‘వరవీణా’ గీతం ఎత్తుకుంది. వాడు రెండు వరుసలు పాడి, ఇది ఐదు గంటల పాటకు చుట్టమా అని అడిగాడు. ఏడాదిపాటు ఆన్‌లైన్ సంగీతం తరగతికి వాణ్ని బతిమాలి కూర్చోబెట్టినా రాని ఆసక్తి అది.

మా పిల్లలు మన వేసవిని చూడనే లేదు. ఇక్కడ బడి ఏప్రిల్‌లో మొదలవుతుంది, సెలవులు జులై ఆఖరు నుంచి ఆగస్టు చివరిదాకా. కనుక వాళ్లు గుంటూరు వెళ్లేది వానల్లోనే. ముంజలు ఉండవు, ఆవకాయ ఎప్పుడో జాడీలకెక్కి ఉంటుంది, రసాలు అయిపోయి ఉంటాయి. డాబా మీద పక్కలు వేసుకోవడం వాళ్లకు నేను చెప్పే కథ మాత్రమే. వాళ్లకు తెలిసిన ఆంధ్ర అంటే శ్రావణమాసం, పేరంటాలు, బురద. మన వేసవి పాట అంటే నాకు పెళ్లిపందిరి మైకు సెట్టులో ఆపరేటరు వేసిందే పాట. దాన్ని ఏ జాబితాలో పెట్టగలను?

జాబితాలో ఒక పాట దగ్గర మాత్రం నేను ఏ వ్యాఖ్యానమూ చేయను. సప్పోరో అమ్మాయిల బృందం జోన్ 2001 ఆగస్టులో పాడిన ‘సీక్రెట్ బేస్’. సెలవుల చివర విడిపోతున్న స్నేహితులు పదేళ్ల తరువాత ఆగస్టులో మళ్లీ కలుద్దామని చెప్పుకొనే పాట. బృందం 2005లో విడిపోయింది. కానీ పాటలోని మాట నిలబెట్టుకోవడానికి 2011 ఆగస్టులో మళ్లీ కలిసింది. అదే ఏడు ఒక యానిమేలో, అంటే జపాన్ కార్టూన్ ధారావాహికలో, ఈ పాటను కొత్తగా పాడించారు, మా అమ్మాయికి చేరింది ఆ దారినే.

మేముండేది నిషికసాయ్ పక్కన. 2000 ప్రాంతం నుంచి కంప్యూటర్ ఉద్యోగాలకు వచ్చిన భారతీయులు ఎక్కువగా స్థిరపడ్డ పేట. ఇక్కడ ప్రాజెక్టు అయిపోతే కుటుంబం వెళ్లిపోతుంది. హైదరాబాదు, డల్లాస్, ఎక్కడికో. మా అమ్మాయి ప్రాణస్నేహితురాలు అలాగే ఒక ఆగస్టులో వెళ్లింది. ఆ పిల్ల తెలుగు, మా పిల్ల తెలుగు, ఇద్దరూ మాట్లాడుకునేది జపనీస్. ఎక్కడికి పోతుంది, సెలవుల్లో హైదరాబాదు వెళ్లినప్పుడు కలుద్దువులే అన్నాను. “అమ్మా, పాటలో పదేళ్లని తెలుసు. మాకు ఎన్నేళ్లో తెలియదు కదా” అంది.

ప్రవాసం గురించి మనం చెప్పుకొనే మాటలన్నీ వెళ్లినవాళ్ల వైపు నుంచే ఉంటాయి. ఊరు వదిలాం, అమ్మను వదిలాం, మామిడిచెట్టును వదిలాం. నేనూ ఆ లెక్కలోనే బతికాను. మా అమ్మాయి దేన్నీ వదలలేదు. ఉన్నచోటే ఉండి ఏటా ఎవరినో ఒకరిని సాగనంపుతోంది. ఆ దుఃఖానికి నా దగ్గర పాట లేదు, మా అమ్మ దగ్గర ఉండవచ్చు. స్టేషన్లో నన్ను రైలెక్కించి ఇంటికి నడిచి వెళ్లింది తనే కనుక.

ఒకసారి వీడియో కాల్‌లో మా పెద్దనాన్న, “వాళ్ల పాతపాటలు నీకెందుకే, అవేమైనా మనవా?” అన్నారు. దానికి మా అమ్మాయి చెప్పిన సమాధానం ఇది. 2024 జూన్‌లో టోక్యో డోమ్‌లో కొరియా బృందం న్యూజీన్స్‌కు చెందిన హన్ని, జపాన్ గాయని మత్సుదా సేకో 1980లో పాడిన ‘ఆవోయి సంగోషో’ పాడింది. హన్ని పుట్టింది ఆస్ట్రేలియాలో, తల్లిదండ్రులు వియత్నాం వాళ్లు. హాలంతా ఊగిపోయింది. నీదేనా ఈ పాట అని అక్కడెవరూ అడగలేదు కదా, తాతయ్యా! పెద్దనాన్న ఏమనాలో తోచక వాతావరణం ఎలా ఉందని అడిగారు. ముప్పై ఆరు డిగ్రీలు, ఉక్క, మచిలీపట్నంలా ఉంది అని నేనే అందుకున్నాను.

ఈసారి ఆగస్టు చివర చిగసాకి సముద్రానికి వెళ్తున్నాం. సదర్న్ ఆల్ స్టార్స్ బృందం గాయకుడు కువతా కెసుకె సొంత ఊరు. స్టేషన్లో రైలు కదిలేముందు కూడా వాళ్ల పాట వరసే మోగుతుంది. ఆఫీసు కరావోకే కోసం మావారు నేర్చుకున్నవన్నీ వాళ్ల పాటలే, దారంతా పాడతారు, తప్పించుకోలేము. అమ్మ కూడా అప్పటికి ఇక్కడే ఉంటుంది. వేసవి వెళ్లిపోయే తెలుగు పాట ఒకటి చెప్పు, జాబితాలో పెడతాను అని మనవరాలు అడిగితే, “ఎండలు పోతున్నాయని ఏడ్చేదెవరే! కావాలంటే మంచి వాన పాట పెట్టుకో” అంది. అమ్మాయి ఒప్పుకోలేదు. వానకు ఇందులో చోటు లేదట, సెప్టెంబరు తుఫానులకు వేరే జాబితా ఉందట.