బ్లూ రూయిన్: మంటనే మత్తనుకున్న కాలం

1811లో లండన్‌లో అచ్చయిన మోటుమాటల నిఘంటువులో జిన్‌కు ఒక్క పేరు కాదు: బ్లూ రూయిన్, స్కై బ్లూ, బ్లూ టేప్, స్ట్రిప్ మీ నేకెడ్. ఇప్పుడెవరూ వాడని బ్లూ రూయిన్ అన్న మాటకు గొంతు కోసే చవక జిన్ అని అర్థం. ఆ ఘాటుకు నెపమంతా సారా కాచే బట్టీ మీదే వేస్తుంటారు. నా లెక్కలో అసలు పాపం అమ్మేవాడి నేలమాళిగది.

బట్టీ వాటా అసలు లేదని కాదు. ఇథైల్ ఆల్కహాల్ 78 డిగ్రీల దగ్గర మరిగితే, ఫ్యూజెల్ నూనెల్లో, అంటే సారాతో పాటు వచ్చే ఘాటైన ఇతర ఆల్కహాళ్లలో, ముఖ్యమైన ఐసోఅమైల్ ఆల్కహాల్ 131 దగ్గర మరుగుతుంది. చివర్లో వచ్చే సారాను వేరుచేయకుండా కక్కుర్తిపడితే ఆ నూనెలన్నీ సీసాలోకి వస్తాయి. జిన్‌కు దాని వాసననిచ్చే జూనిపర్ కాయలకు బదులు టర్పెంటైన్ వాడేవాళ్లూ ఉండేవారు. రెండింటిలోనూ ఆల్ఫా పైనీన్ అనే వాసన పదార్థం ఉంటుంది, అందుకే ముక్కు మోసపోయేది.

అసలు కథ నీళ్లతో మొదలవుతుంది. సారా బలానికి బ్రిటన్‌లో పెట్టుకున్న ప్రమాణం పేరు ప్రూఫ్; ప్రూఫ్ సారా అంటే 57.1 శాతం ఆల్కహాల్. ఒక గాలన్‌కు అర గాలన్ నీళ్లు కలిపితే సుమారు 38కి దిగుతుంది. సరుకు ఒకటిన్నర రెట్లయింది, లాభమే. కానీ వెంటనే గుట్టు రట్టవుతుంది: మంట తగ్గుతుంది, సీసా ఊపితే అంచున నిలవాల్సిన బుడగల పూస నిలవదు, పైగా జిన్ పాలలా తెల్లబారుతుంది.

మంట సంగతి తేలిక. మిరప, గ్రెయిన్స్ ఆఫ్ ప్యారడైజ్ అనే ఆఫ్రికా గింజలు నానబెట్టిన సారం కొంచెం పోస్తే సరి. మిరపలోని కాప్సైసిన్ ఆల్కహాల్‌లో చక్కగా కరుగుతుంది. తాగేవాడు ఆ చురుకును బలమనుకునేవాడు. పూస కోసం బాదం నూనె, గంధకామ్లం పంచదారతో నూరి కలిపేవారు. ఆమ్లం తగిలిన నూనె సబ్బులాంటి పదార్థమవుతుంది కాబట్టి బుడగ పగలకుండా నిలుస్తుంది. బలం చూడ్డానికి జనం నమ్ముకున్న పరీక్షే ఇలా కొనేవాడికి ఎదురుతిరిగింది.

తెలుపు పోగొట్టడమే అన్నిటికన్నా ప్రమాదం. జూనిపర్ నూనె గాఢమైన ఆల్కహాల్‌లో కరిగి ఉంటుంది. నీళ్లు పెరిగేకొద్దీ కరగలేక సన్నని బిందువులై చెదురుతుంది, వడకట్టినా పోదు. దీనికి వాడిన ఒక చిట్కాను రసాయనవేత్త ఫ్రెడరిక్ అక్కుమ్ 1820లో కల్తీలపై రాసిన పుస్తకంలో బయటపెట్టాడు: ముందు సీసం లవణం, ఆ తర్వాత పటిక. రెండూ కలిస్తే సీసం సల్ఫేట్ బరువైన తెల్లని మడ్డిగా అడుక్కు దిగుతూ మబ్బును తనతో లాక్కుపోతుంది. పటిక తక్కువైతే మాత్రం మిగిలిన సీసం జిన్‌లోనే కరిగి ఉండిపోతుంది. రంగు లేదు, వాసన లేదు, మీదుమిక్కిలి కాస్త తీపి. అంటే నిగనిగలాడే జిన్‌నే ఎక్కువ అనుమానించాలి.

సారా బలం కొలిచే హైడ్రోమీటర్ లేదా అంటే, ఉంది. 1816లో చట్టబద్ధమైన సైక్స్ హైడ్రోమీటర్‌లో ఇత్తడి బుడ్డి, పది భాగాల కాడ, 10 నుంచి 90 దాకా గుర్తులున్న తొమ్మిది తూకాలు ఉండేవి. ఉష్ణోగ్రత చూసి పట్టికతో సరిచూడాలి. అయితే అది కొలిచేది సాంద్రతనే. జిన్‌లో పంచదార ఉంటే బుడ్డి పైకి తేలి, ఉన్న బలం కన్నా తక్కువ చూపిస్తుంది. తీపి జిన్‌కు దీన్ని నేరుగా వాడితే లెక్క తప్పుతుంది. కొంత నమూనాను మళ్లీ బట్టీలో కాచి, వచ్చిన సారాను నీళ్లతో మొదటి పరిమాణానికి తెచ్చి కొలవాలి. దుకాణం ముందు నిలబడి ఒక క్వార్టర్న్, అంటే పావు పైంట్, కొనుక్కునే కూలీకి అదంతా ఎక్కడ కుదురుతుంది?

1825లో సారా సుంకం బాగా తగ్గించాక జిన్ మరింత పారింది. 1830లో ఈనియస్ కాఫీ పేటెంటు పొందిన నిరంతర బట్టీ ఫ్యూజెల్ నూనెలు బాగా తక్కువైన సారా ఇచ్చింది. బట్టీ మెరుగుపడినా నేలమాళిగలో పని ఆగలేదు. చివరికి 1879 చట్టం నీళ్లకు ఒక హద్దు గీసింది: బ్రాందీ, విస్కీ, రమ్ములను ప్రూఫ్ కంటే 25 డిగ్రీల దాకా పలచన చేయొచ్చు, జిన్‌నైతే 35 డిగ్రీల దాకా. ఇక్కడ డిగ్రీ అంటే ప్రూఫ్ బలంలో నూరో వంతు. ఇప్పటి లెక్కలో జిన్ హద్దు 37.1 శాతం. ఈనాడు బ్రిటన్‌లో జిన్ అని అమ్మాలంటే ఉండాల్సిన కనీస బలం 37.5.