గన్నేర్లు, నేరేడు గింజలు

మృగశిర కార్తె వచ్చి వారం దాటింది. నిన్న రాత్రి గట్టి వాన పడింది. పొద్దున్నే అక్క ఫోన్ చేసి "మట్టి మెత్తబడింది, వస్తావా, ఏ చెట్టు ఎక్కడ పెట్టాలో చూద్దాం" అంది. హన్మకొండ చౌరస్తాలో అర కిలో నేరేడు పండ్లు కొనుక్కుని, ములుగు రోడ్డు వైపు వాళ్లు ఈ మధ్యే కొన్న ఇంటికి వెళ్లాను. ఇంటి వెనక మంచి జాగా ఉంది. ముందున్నవాళ్లు పెంచిన మొక్కలు కొన్ని అట్లాగే ఉన్నాయి.

అక్కకు ఎండాకాలంలో కూడా ఆకు రాల్చని చెట్టు కావాలి. బావేమో తొందరగా పెరుగుతుందని కోనోకార్పస్ వైపు మొగ్గుతున్నాడు. నేను వద్దన్నాను. అది మన నేల చెట్టు కాదు. హరితహారంలో ఊరూరా నాటించిన ప్రభుత్వమే తర్వాత దాన్ని వద్దంది. పచ్చగా కనిపిస్తే చాలదు, ఆ చెట్టు మీద బతికే పిట్టలూ తేనెటీగలూ కూడా ఉండాలి కదా.

మన వైపు అడవి ఆకు రాల్చే అడవి. మార్చిలో ఏటూరునాగారం వైపు వెళ్తే టేకు చెట్లు చాలావరకు మోడుల్లా నిలబడి ఉంటాయి. కానీ వాగు దగ్గరికి దిగితే ఏరుమద్ది, నేరేడు, కానుగ, మామిడి పచ్చగా కనిపిస్తాయి. వేళ్లకు తడి అందుతుంది కాబట్టే వాటికి ఆ పచ్చదనం. అలాంటి చెట్టును ఇంటి వెనక పెట్టుకున్నప్పుడు, అది వేళ్లు లోతుకు దించుకునేదాకా వాగు చేసే పని మనం చేయాలి. కనీసం మొదటి రెండు ఎండాకాలాలు నీళ్లు తప్పకూడదు. ఈ మాటే బావకు రెండుసార్లు చెప్పాను. జులైలో మొక్క నాటి ఫోటో దిగడం కష్టం కాదు, ఏప్రిల్‌లో బకెట్ మోసేదెవరన్నదే అసలు సంగతి.

అసలు ఆకే రాల్చని చెట్టు ఉండదని కూడా అక్కకు చెప్పాను. నేరేడు, పొగడ పాత ఆకును కొంచెం కొంచెంగా వదులుతూ కొత్తది తొడుగుతాయి. కానుగ ఎండలు ముదిరే ముందు కొద్ది రోజులు బోసిపోయి, వెంటనే లేత ఆకుతో మెరుస్తుంది. ఏదైనా సరే ఊడ్చుకోక తప్పదు. చివరికి వెనక మూలన, గోడకు 20 అడుగుల దూరంలో నేరేడు పెడదామని తేలింది. పండ్లు రాలితే నేల ఊదారంగు అవుతుంది కాబట్టి కారు పెట్టే వైపు వద్దు. ముందు వైపు పొగడ. పొగడ నెమ్మదిగా ఎదుగుతుంది, కానీ గుబురుగా నీడనిస్తుంది, ఎండిన తర్వాత కూడా దాని పూల వాసన పోదు. నాకు చాలా ఇష్టమైన చెట్టు.

ఈ మాటల్లో ఉండగానే పాప పిలిచింది. "చిన్నమ్మా, కూర అయింది, తిందురా!" వెళ్లి చూస్తే బొమ్మ గిన్నెలో పసుపుపచ్చ పూలు, సన్నటి పొడుగాటి ఆకులు, రెండు పచ్చటి ముక్కోణపు కాయలు. పచ్చ గన్నేరు. ఒక కాయను రాయితో కొట్టింది కూడా. నా గుండె ఝల్లుమంది. నోట్లో ఏమీ పెట్టుకోలేదని మెల్లగా అడిగి తెలుసుకున్నాం, నోరు తెరిపించి చూశాం, చేతులు సబ్బుతో కడిగించాం. దాన్ని భయపెట్టకూడదని అందరం మామూలుగా ఉన్నట్టు నటించాం కానీ, అక్క మొహంలో టెన్షన్ చాలాసేపు పోలేదు.

పచ్చ గన్నేరులో ప్రతి భాగమూ విషమే, గింజ మరీను. తింటే వాంతులవుతాయి, కళ్లు తిరుగుతాయి, గుండె కొట్టుకోవడం నెమ్మదించి లయ తప్పుతుంది. పిల్లలు తిన్నారని అనుమానం వచ్చినా చాలు, ఉప్పునీళ్లు తాగించి కక్కించాలని చూడొద్దు. 108కి ఫోన్ చేయాలి, ఆ కొమ్మో కాయో కవర్లో వేసుకుని ఆస్పత్రికి పోవాలి. ఏం తిన్నారో డాక్టరుకు వెంటనే తెలియడం చాలా ముఖ్యం.

"మేకలు ముట్టయని పెట్టుకున్నరు బిడ్డా" అంది అత్తమ్మ, అక్క వాళ్ల అత్తగారు. "మా ఊర్ల గన్నేరు కొమ్మలు కొట్టి పడేస్తే, ఎండినంక గడ్డిల కలిసి, గొర్లు తిని సచ్చినయ్." ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఎండినా గన్నేరు విషం పోదు. పచ్చిగా ఉన్నప్పుడు పశువులు చేదుకు దూరంగా ఉంటాయి, ఎండాక మాత్రం మోసపోతాయి. కాల్చినా పొగ మంచిది కాదు. హైవే మధ్యలో వరసగా ఎర్ర గన్నేరు పెంచేది కూడా పశువులు ముట్టవనీ, నీళ్లు తక్కువైనా బతుకుతుందనీ.

బావ అడిగాడు: "ఈ గన్నేరులా విరిస్తే పాలు కారే మొక్కలన్నీ పీకేద్దామా?" అట్లా గుర్తుపట్టలేం. మర్రికీ సపోటాకీ పాలు కారతాయి. ఉమ్మెత్తకు చుక్క పాలు రావు, కానీ దాని గింజలు మనిషికి మతి తప్పిస్తాయి. ఎర్రగా ముద్దొచ్చే గురివింద గింజ కూడా అంతే, పాలు లేని చోటే ప్రాణం తీసే విషం. ఏ మొక్కకు ఆ మొక్కను ఆకు, పువ్వు, కాయ చూసి విడివిడిగా తెలుసుకోవాల్సిందే. ఇంకో దారి లేదు.

అందుకని అందరం కలిసి పెరడంతా తిరిగాం. వెనక గోడ కింద వానకు మొలిచిన ఉమ్మెత్తలు పీకేశాం. హాల్లో కుండీలో ఉన్న డంబ్ కేన్ ఆకు కొరికితే సూదుల్లాంటి స్ఫటికాలు గుచ్చుకుని నాలుక మండి వాస్తుంది, దాన్ని పాపకు అందకుండా మేడ మీదికి చేర్చాం. తులసికోట పక్కన బిళ్ళ గన్నేరు ఉంది. షుగర్‌కు మంచిదని అత్తమ్మ రోజూ రెండాకులు నములుతుందట. ఆ మొక్క నుంచి క్యాన్సర్ మందులు తీస్తారు, అంత బలమైన పదార్థాలున్న ఆకును షుగర్ మాత్రల మీద నమలడం వద్దని బతిమాలాను. డాక్టరును అడుగుతానంది. ఎర్ర గన్నేరు మాత్రం పూజకు కావాలని పట్టుబట్టింది. గేటు బయట ఉంది కాబట్టి ఉంచాం, పూలు కోసిన చేయి కడుక్కోవాలన్న షరతుతో.

పచ్చ గన్నేరును బావ చేతికి గ్లౌజులు వేసుకుని వేళ్లతో సహా తీసేశాడు. కాల్చకుండా, బయట పడేయకుండా, జాగా చివర లోతుగా గుంత తీసి పూడ్చాడు.

సాయంత్రం నేరేడు పండ్లు తిన్నాం. గింజలను పాప కడిగింది. నేరేడు గింజ ఎండబెట్టి దాచేది కాదు, త్వరగా చచ్చిపోతుంది, తాజాగానే వేయాలి. మట్టి, పశువుల ఎరువు కలిపి కవర్లలో నింపి వేశాం. ఒక్కో గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తే బలమైనదాన్ని ఉంచి మిగతావి తీసేయమని అక్కకు చెప్పాను. గింజ మొక్క కాయడానికి 8–10 ఏళ్లు పడుతుంది. అంటు మొక్క తెస్తే త్వరగా కాస్తుందన్నాడు బావ, కానీ పాప తన గింజే పెట్టాలంటోంది. పొగడ మొక్క మాత్రం నర్సరీలో వెతకాలి, వచ్చే ఆదివారం బావతో వెళ్తాను.