ఫ్రెడ్, బార్నీ, మధ్యలో రమణారెడ్డి

మావాడికి తొమ్మిదేళ్లు, ఈమధ్య పాత ఫ్లింట్‌స్టోన్స్ కార్టూన్ పట్టుకున్నాడు. నేనూ చిన్నప్పుడు తెనాలిలో కార్టూన్ నెట్‌వర్క్‌లో చూసినవాణ్ణే, ఒక్క ముక్క ఇంగ్లీష్ అర్థంకాకపోయినా ఆ రాతి కారుని కాళ్లతో తోస్తుంటే పడీపడీ నవ్వేవాణ్ణి. అందులో ఫ్రెడ్, బార్నీ అనే ఇద్దరు స్నేహితుల్ని ఎవర్నో చూసి తయారుచేశారని మాత్రం మొన్నమొన్నటిదాకా తెలీదు, మా ఆఫీసులో ఒక పెద్దాయన చెప్తే తెలిసింది.

1955లో ది హనీమూనర్స్ అని టీవీ షో వచ్చిందట, బ్లాక్ అండ్ వైట్, 39 ఎపిసోడ్లు. బ్రూక్లిన్‌లో బస్సు డ్రైవర్ రాల్ఫ్, పై అంతస్తులో ఉండే మురుగు కాలవల పనివాడు నార్టన్. రాల్ఫ్‌గా లావుపాటి జాకీ గ్లీసన్, నార్టన్‌గా సన్నటి ఆర్ట్ కార్నీ. అరుపులు, తొందర్లో డబ్బు సంపాదించే ప్లాన్లు, బోల్తా పడ్డాక పెళ్లాం ముందు తల దించుకోవడం, ఇదంతా ఎత్తుకెళ్లి 1960లో కార్టూన్లు తీసే హనా, బార్బెరా రాతియుగంలో పెట్టేశారు. గ్లీసన్ కేసు వేద్దామనుకుని మానేశాడని కూడా అంటారు. అంతకుముందే 1958లో వచ్చిన యోగీ బేర్ అనే కార్టూన్ ఎలుగుబంటి మాటతీరు కూడా ఆ నార్టన్‌దే, పాపం ఒక్క మనిషిని ఎన్నిసార్లు వాడారో! ఇంకో విషయం, న్యూయార్క్ పోర్ట్ అథారిటీ బస్టాండ్ దగ్గర డ్రైవర్ యూనిఫామ్‌లో ఒక విగ్రహం ఉండేది, న్యూజెర్సీ నుంచి బస్సులో వెళ్లేటప్పుడు ఏళ్ల తరబడి దాని పక్కనించే నడిచా, అది ఈ రాల్ఫే.

సరే ఆదివారం యూట్యూబ్‌లో ఆ పాత షో పెట్టా. "డాడీ, బార్నీ షార్ట్ కదా, ఈయన టాల్ ఉన్నాడు, రాంగ్" అని మావాడు మొదట్లోనే కొట్టిపారేశాడు. రాల్ఫ్ పెళ్లాం మీద పిడికిలెత్తి చంద్రుడి దాకా పంపిస్తానని అరిస్తే "హీ కాంట్ సే దట్" అని సీరియస్ అయిపోయాడు, కొట్టడురా, వట్టి నోరే అని చెప్పా గానీ వాడికి ఎక్కలేదు, నిజానికి నాకూ నవ్వు రాలేదు. ఇంతలో నార్టన్ ఏదో కాగితం మీద సంతకం పెట్టడానికి చేతులు తిప్పీ తిప్పీ తిప్పుతున్నాడు, వీడు సోఫా మీంచి కిందకి జారేలా నవ్వాడు.

విజిట్ మీద వచ్చిన మా నాన్న, కార్టూనంటే తల కూడా ఎత్తనాయన, పేపర్ చదివే కళ్లజోడు నుదుటి మీదకి తోసి "ఒరేయ్, వీళ్లు రేలంగీ రమణారెడ్డీ కదరా" అన్నారు.

ఇంకేముంది, మాయాబజార్ పెట్టించారు. లక్ష్మణ కుమారుడిగా రేలంగి, చిన్నమయ్యగా రమణారెడ్డి. వీడికి సగం తెలుగు అర్థంకాలేదు, తాతయ్య ఆపి ఆపి చెప్తూనే ఉన్నారు, ఇంట్లో తెలుగులో మాట్లాడరా అని మేం ఎంత మొత్తుకున్నా వినని వెధవ ఆరోజు "తాతయ్యా, మళ్లీ పెట్టు" అని మూడుసార్లు అడిగాడు. తర్వాత నాకేసి తిరిగి, "మరి వీళ్ల కార్టూన్ ఎక్కడుంది?"

నేనేం చెప్పను, తెలీదన్నా.

రాత్రికి వాడే గీశాడు. ఫ్రెడ్ వేసుకునే నల్లమచ్చల డ్రెస్సులో లావుగా ఒకాయన, పక్కన పుల్లలా ఇంకొకాయన, ఇద్దరికీ కిరీటాలు. ఫ్రిజ్ మీద అంటిస్తుంటే మా నాన్న దగ్గరకొచ్చి కాసేపు చూసి "రమణారెడ్డి ఇంకొంచెం సన్నగా ఉండాలిరా" అన్నారు.